ఐదేళ్లుగా నిలబడి చిత్రిక పడుతున్నాను

కింద కూర్చుని, చెక్కను కాలితో తొక్కిపట్టి పని చేయడం నాన్న నేర్పిన పద్ధతి. ఇరవై ఏళ్లు అలాగే చేశాను. చివరికి సాయంత్రం లేవాలంటే గోడ పట్టుకోవాల్సి వచ్చేది. అప్పుడే షెడ్డులో తుమ్మ కాళ్లతో, వేప పలకతో బల్ల చేసుకున్నాను.

ఇక నడుం వంచకూడదన్న పట్టుదలతో దాన్ని 38 అంగుళాల ఎత్తు పెట్టాను. అది తప్పు. చిత్రికతో చెక్కను నునుపు చేస్తుంటే భుజాలు పైకి లేచేవి, నెట్టే బలమంతా చేతుల్లోంచే రావాల్సి వచ్చేది. రెండు నెలల్లో మెడ పట్టేసింది. చిత్రికకు ఒంటి బరువు పైనుంచి తోడవ్వాలి. చెప్పులతో నిటారుగా నిలబడి చేతులు వదిలేయండి, మణికట్టు ఎక్కడికొస్తే అక్కడ గీత పెట్టుకోండి. నేను 5 అడుగుల 7 అంగుళాలు, నాకు గీత 33 దగ్గర పడింది. బల్ల కాళ్లు 5 అంగుళాలు కోసేశాను. ఇప్పుడు మోచేతులు చాచి ముందుకి ఒరిగితే చాలు, పొట్టు పొడవుగా చుట్టలు చుట్టుకుంటూ వస్తుంది.

కానీ కూసాలకు, అంటే ఒక చెక్క మరో చెక్కలోకి దిగే కొసలకు, గీతలు గీయాలన్నా, ఉలితో సన్నగా చెక్కాలన్నా ఈ ఎత్తులో ముఖం బల్ల మీదకు వంచాల్సిందే. అందుకని 9 అంగుళాల పెట్టె ఒకటి చేసి, అలాంటి పని ఉన్నప్పుడు బల్ల మీద క్లాంపుతో బిగిస్తాను. పని మోచేతి ఎత్తుకు వస్తుంది. నా మెడను కాపాడింది ఈ పెట్టే. ట్యూబ్‌లైట్ కూడా వెనక నుంచి ఎడమ పక్కకు మార్చాక, నీడలో గీత వెతుక్కుంటూ వంగే అవసరం తప్పింది.

రోజంతా నిలబడితే పాదాలు మండుతాయి, అది నిజం. పశువుల కొట్టంలో పరిచే మందపాటి రబ్బరు మ్యాట్ వేశాను, చాలా నయం. ఒక కాలు ఎత్తి పెట్టుకోవడానికి కింద చెక్క ముక్క కూడా ఉంది. అరగంటకోసారి కాలు మారుస్తాను.

బల్ల తీర్చని బాధ ప్లైవుడ్‌దే. 18 మిల్లీమీటర్ల షీట్ ఒక్కటే దాదాపు 30 కిలోలు. ఇద్దరం లేకుండా నేను ముట్టుకోను.

ఈ మధ్య మేనల్లుడు పనిలోకి వచ్చాడు. నాకన్నా 4 అంగుళాలు పొట్టి. నా బల్ల దగ్గర వాడి భుజాలూ అలాగే లేస్తుంటే చూడలేకపోయాను. పాత గుమ్మం చెక్కతో 2 అంగుళాల పీట చేసి వాడి కాళ్ల కింద వేశాను.