70-200 లెన్సుతో నాలుగేళ్లు: తిరుపతి మైదానాల్లో పిల్లల ఆటలు

నాలుగేళ్ల కిందట డెబ్బై వేలు పెట్టి దూరంలో ఉన్నవాళ్లను దగ్గరగా చూపే 70-200 ఎంఎం ఎఫ్/2.8 జూమ్ లెన్సు కొన్నాను. కొత్తది కాదు, ఒకరు వాడి అమ్మినది. పెళ్లిళ్లకు ఉన్న లెన్సులు చాలవా, పిల్లల ఖోఖో, కబడ్డీల కోసం అంత డబ్బు పోయాలా అని ఇంట్లో అడిగారు. పోయాలనే ఇప్పుడు గట్టిగా చెబుతాను.

అంతకుముందు రెండేళ్లు 55-250 లెన్సుతో నెట్టుకొచ్చాను. ఎండ కాసే ఉదయం దానికి వంక పెట్టలేం. చిక్కంతా సాయంత్రమే. మా ఊళ్లో పిల్లల మ్యాచ్‌లు నాలుగు దాటాకే ఊపందుకుంటాయి, ఫైనల్ వచ్చేసరికి పొద్దు వాలుతుంది. జూమ్ చివరన ఆ లెన్సు ఎఫ్/5.6 దగ్గర ఆగిపోతుంది. ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే లెన్సు అంత ఎక్కువ వెలుతురు లోపలికి తీసుకుంటుంది. ఎఫ్/2.8 దానికి నాలుగు రెట్ల వెలుతురు ఇస్తుంది. అంటే అది సెకనులో 250వ వంతు షట్టర్ వేగం ఇచ్చే చోట ఇది 1000వ వంతు ఇస్తుంది. పరుగెత్తే పిల్లల కాళ్లూ చేతులూ చెదరకుండా రావాలంటే ఆ వేగం ఉండాల్సిందే. చెదిరిన ముఖాన్ని కంప్యూటర్ ముందు ఎన్ని గంటలు దిద్దినా అమ్మానాన్నలు కొనరు. వాళ్లు కొనేది ఆటను కాదు, ఆటలో మునిగిపోయిన తమ బిడ్డ ముఖాన్ని.

రెండో మేలు వెనక కనిపించే గందరగోళం తగ్గడం. మైదానం చుట్టూ బైకులు, ఫ్లెక్సీలు, ప్లాస్టిక్ కుర్చీలు. 200 దగ్గర ఎఫ్/2.8 పెడితే అవన్నీ మెత్తగా కరిగిపోతాయి. అయితే ఆ బలమే ఇబ్బంది కూడా. నా చిన్న సెన్సర్ కెమెరాతో పది మీటర్ల దూరంలో స్పష్టంగా వచ్చే లోతు జానెడు కంటే కాస్త ఎక్కువ, అంతే. కబడ్డీలో రైడర్ కళ్లు చక్కగా వచ్చి, అతని నడుము పట్టుకున్న పిల్లవాడి ముఖం మసకబారితే ఆ రెండో ఇంటివాళ్లకు ఫొటో ఎలా అమ్మాలి? అందుకే గుంపుగా ఉన్నప్పుడు ఎఫ్/4కు వస్తాను, స్పష్టంగా వచ్చే లోతు కాస్త పెరుగుతుంది.

లెన్సు చేయలేనివి కొన్ని ఉన్నాయి. ఎక్కడ నిలబడాలో అది చెప్పదు. డిసెంబరు, జనవరి నెలల్లో సూర్యుడు దక్షిణం వైపు వాలి ఉంటాడు కాబట్టి కోర్టుకు దక్షిణాన చేరి ఉత్తరానికి తిరుగుతాను. పిల్లల ముఖాల మీద వెలుగు, వెనక శేషాచలం కొండలు నీలిపచ్చగా. తిరుపతి వాళ్లకు ఆ కొండలు కనబడితే ఫొటో తమదైపోతుంది. రెండో సంగతి, మోకాళ్ల మీద కూర్చోవాలి. పదేళ్ల పిల్లను నిలబడి తీస్తే నడినెత్తి, పాపిడి తప్ప ఏమీ రాదు. ఆమె కళ్ల ఎత్తుకు కెమెరా దించితే ఆమె క్రీడాకారిణిలా కనబడుతుంది.

ఖోఖోలో నేను కాచుకునేది ఒకే క్షణం కోసం. తరిమే అమ్మాయి వీపు తట్టి ‘ఖో’ అనగానే కూర్చున్న పిల్ల లేస్తుంది. ఒక చేతి వేళ్లు ఇంకా మట్టిలోనే ఉంటాయి, మడమ కింద ఎర్రటి దుమ్ము లేస్తుంది, కళ్లు మాత్రం అప్పటికే ఎదుటి పిల్ల మీద ఉంటాయి. అలాంటి ఫొటో ఒకటి దొరికింది. ఆ అమ్మాయి మోకాలికి గుడ్డ కట్టు ఉంది. చూడటానికి బాగుండదని దాన్ని కంప్యూటర్లో శుభ్రంగా తుడిచేసి 8x12 అంగుళాల ప్రింటు వేసి ఇచ్చాను. వాళ్ల నాన్న ఘాట్ రోడ్డు బస్సు డ్రైవరు. చాలాసేపు చూసి, “అన్నా, కట్టు ఎందుకు తీసేశారు? పొద్దున డ్యూటీకి వెళ్లే ముందు కట్టింది నేనే” అన్నారు. మ్యాచ్‌కు రాలేకపోయిన ఆయన ఆ ఫొటోలో ఉన్నది ఆ గుడ్డ ముక్కలోనే. అదే రోజు మళ్లీ ప్రింటు వేసి ఇచ్చాను.

అప్పటి నుంచి దిద్దడం బాగా తగ్గించాను. ఒరిగిన గీతను సరిచేస్తాను, చుట్టూ కత్తిరిస్తాను, టోపీ నీడలో పడిన కళ్లను కాస్త వెలిగిస్తాను. చర్మం రంగు మాత్రం ముట్టుకోను. పిల్లల్ని తెల్లగా చేసి ఇమ్మని అడిగేవాళ్లున్నారు. ఎండలో ఆడి నల్లబడిన ముఖాన్ని సున్నం కొట్టినట్టు మార్చడం ఆ పిల్లలకు అవమానమని నా నమ్మకం, ఆ మాట అడిగినవాళ్లకే చెబుతాను. నాయిజ్, అంటే తక్కువ వెలుతురులో ఫొటోపై వచ్చే చుక్కలను తగ్గించే సాఫ్ట్‌వేర్‌ను కూడా సగానికి మించి వాడను, మించితే ముఖం మైనపు బొమ్మలా తయారవుతుంది.

ఇండోర్ బ్యాడ్మింటన్‌లో ఈ లెన్సు ఒక్కటే సరిపోదు. మన కరెంటు 50 హెర్ట్జ్ కావడంతో చాలా హాళ్లలో దీపాలు సెకనుకు వందసార్లు మిణుకుతాయి. వరసగా తీస్తే ఒక ఫొటో తెల్లగా, మరొకటి పచ్చగా, చీకటిగా వస్తాయి. మిణుకును కనిపెట్టే సౌకర్యం కెమెరాలోనే ఉండాలి. ఫ్లాష్ వేయను, ఆడే పిల్లల కళ్లు చెదురుతాయి.

బరువు దాదాపు కిలోన్నర. మూడు మ్యాచ్‌లయ్యాక మణికట్టు లాగుతుంది కాబట్టి మోనోపాడ్, అంటే ఒంటి కాలి స్టాండు తప్పనిసరి.

మైదానంలోకి దిగే ముందు కోచ్ అనుమతి, తల్లిదండ్రుల అంగీకారం తీసుకుంటాను. ఒకరి బిడ్డ ఫొటో మరొకరికి ఇవ్వను. అడిగినవాళ్లకు ఫోనులో చిన్న సైజు నమూనా పంపి, కొన్నాక అసలు ఫైలు వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపుతాను, మామూలుగా పంపితే నాణ్యత పడిపోతుంది. 24 మెగాపిక్సెల్ ఫొటోను రెండు వైపులా సగానికి కత్తిరించినా 3000x2000 పిక్సెళ్లు మిగులుతాయి, 6x9 అంగుళాల ప్రింటుకు అవి చాలు.

నెలకు ఒకటి రెండు మ్యాచ్‌లే తీసేవాళ్లు కొనకండి, అద్దెకు తెచ్చుకోండి. తెచ్చుకున్న రోజు మధ్యాహ్నం ఎండలో పరీక్షించి తిరిగి ఇచ్చేయకండి. సాయంత్రం ఐదున్నరకు, ఆఖరి ఆట దాకా వాడి చూడండి.