స్టోరీబోర్డర్ రివ్యూ: బొమ్మలు రానివాళ్లు ట్రైలర్ ప్లాన్ చేస్తే

ముందే చెప్పేస్తున్నా, నాకు బొమ్మలు రావు. చిన్నప్పుడు ఆవును గీస్తే మా చెల్లి బల్ల అనుకుంది. అలాంటి నా నెత్తిన ఫైనల్ ఇయర్ షార్ట్ ఫిల్మ్ ట్రైలర్ వచ్చి పడింది, ఎందుకంటే డైరెక్షన్ ఒకడు తీసుకున్నాడు, కెమెరా ఇంకొకడు, ఎడిటింగ్ ఇంకొకడు, పనీపాటా లేకుండా మిగిలింది నేనే. సినిమా పద్నాలుగు నిమిషాలు, పోచంపల్లిలో ఒక నేత ఇంట్లో జరిగే కథ. ట్రైలర్ 75 సెకన్లు దాటకూడదని మాకు మేమే గీత గీసుకున్నాం. ఏ షాట్ తర్వాత ఏ షాట్, టైటిల్ ఎక్కడ, ఎక్కడ తెర నల్లగా వదిలెయ్యాలి, ఇదంతా షూటింగ్‌కి ముందే కళ్లతో చూసుకోడానికి స్టోరీబోర్డర్ అనే సాఫ్ట్‌వేర్ వాడాం, ఇందులో షాట్‌కో బొమ్మ గీసుకుంటూ పోవాలి, ఆ బొమ్మనే బోర్డు అంటారు. వండర్ యూనిట్ వాళ్లు చేశారు, పైసా కట్టక్కర్లేదు, విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటికీ ఉంది, కోడ్ కూడా గిట్‌హబ్‌లో అందరికీ తెరిచి పెట్టారు. నెల రోజులు వాడాక రాస్తున్నా.

కొత్త ప్రాజెక్ట్ తెరవగానే ఫ్రేమ్ ఏ కొలతలో కావాలో అడుగుతుంది. మగ్గం ఎలాగూ అడ్డంగా పొడుగ్గా ఉంటుంది కదా అని ఆలోచించకుండా 2.39 (ఎత్తుకి 2.39 రెట్లు వెడల్పు) నొక్కేశాం. దాని ఫలితం చివర్లో చెప్తా.

గీయడానికి పెన్సిళ్లు, పెన్ను, బ్రష్, రబ్బరు అన్నీ కలిపి ఆరే పనిముట్లు. ఇదేంటి ఇంత తక్కువ అనిపించింది కానీ, ఎక్కువ ఉండి ఉంటే నేను బ్రష్షులు మార్చుకుంటూనే నెల గడిపేసేదాన్ని. ఎన్ నొక్కితే కొత్త బోర్డు వస్తుంది. అగ్గిపుల్లల్లాంటి మనుషుల్ని గీసుకుంటూ పోయా, రెండు రాత్రుల్లో 46 బోర్డులు అయ్యాయి.

అసలు సంగతి ఇక్కడుంది. కొత్త బోర్డు పెట్టగానే దానికి తనే రెండు సెకన్లు ఇస్తుంది, ప్లే నొక్కితే బోర్డులన్నీ సినిమాలాగా వరసగా నడుస్తాయి. 46 బోర్డులంటే 92 సెకన్లు, అంటే మొదటి రాతలోనే 17 సెకన్లు ఎక్కువ. అది పర్లేదు, కోసేయొచ్చు. భయం వేసింది కింద వరసగా కనిపించే చిన్న బొమ్మలు చూసినప్పుడు. 46లో 19 మనిషి నడుము నుంచి పైకి కనిపించే మిడ్ షాట్లే! కథ రాసుకున్నప్పుడు ఒక్కోటీ వేరేగా అనిపించింది, పక్కపక్కన పెట్టి చూస్తే పాస్‌పోర్టు ఫోటోల షీట్ లాగా ఉంది. పైగా మూడు బోర్డుల్లో కథలోని నాన్న మొహం పెట్టా, సినిమాలో ఆయన వచ్చేదే ఆఖరి రెండు నిమిషాల్లో. ట్రైలర్‌లో చూపించేస్తే సినిమా ఎందుకు చూస్తారు? ఆ మూడూ తీసేసి ఆయన చెప్పుల బోర్డు ఒక్కటి ఉంచాం, గడప పక్కన.

నాడె (మగ్గంలో అడ్డ పోగుని అటూ ఇటూ తీసుకెళ్లేది) సీన్ ఒకటి చెప్తా. ముందు ఆరు బోర్డులు: చెయ్యి తాడు లాగుతుంది, నాడె కుడి నుంచి ఎడమకి పోతుంది, పోగుని బిగించే పలక వచ్చి కొడుతుంది, మగ్గం కింద గుంతలో కాలు తొక్కుతుంది, నాడె వెనక్కి వస్తుంది, అమ్మాయి కళ్లు. ఒక్కోటి రెండు సెకన్లు పెట్టి చూస్తే అచ్చం చేనేత శాఖ డాక్యుమెంటరీ. ఇందులో టైమ్ ఫ్రేముల లెక్కలో కూడా ఇవ్వొచ్చు, సెకనుకి 24 ఫ్రేములు. మొదటి ఐదింటికీ వరసగా 12, 10, 8, 6, 6 ఇచ్చా, కళ్లకి మాత్రం మూడు సెకన్లు. ఐదు షాట్లు కలిపి రెండు సెకన్లు కూడా లేవు, ఆ తర్వాత ఒక్కసారిగా ఆగిపోయే ఆ కళ్లు. బొమ్మలు అవే చెత్త బొమ్మలు, కానీ హాస్టల్ రూమ్‌లో నలుగురం ఒక్కసారే "ఓయ్" అన్నాం.

అయితే బోర్డుని నమ్మి మోసపోకండి. నాడెని నేను కదలకుండా గీశా కాబట్టి ఆరు ఫ్రేముల్లో కూడా కనిపించింది. పోచంపల్లి వెళ్లి ఫోన్‌తో టెస్ట్ తీస్తే నాడె లేదు, ఏదో గీత ఉంది, అంతే. మళ్లీ మళ్లీ ఆపి వెయ్యమని అడుగుతుంటే మగ్గం మీదున్న పెద్దాయన "ఊకె ఆపి ఆపి నెయ్యమంటే పోగు తెగుతది బిడ్డా, నేను నేస్త ఉంట, నువ్వే పట్టుకో" అన్నాడు. దాంతో పలక చప్పుడు రికార్డు చేసుకొచ్చి బోర్డులకి జత చేశాం (ఆ సౌకర్యం ఉంది, చాలామంది చూడరు), ప్రతి కట్ ఆ చప్పుడు మీద పడేలా ఫ్రేములు మళ్లీ సర్దాం. నాడె షాట్ రెండూ 14 ఫ్రేములకి పెరిగాయి.

బొమ్మలు గీసే ట్యాబ్లెట్ లేదని ఆగక్కర్లేదు. వర్క్‌షీట్ ప్రింట్ తీసి, గళ్లలో పెన్నుతో గీసి, ఫోటో తీసి ఇస్తే షీట్ మీదున్న క్యూఆర్ కోడ్ చూసి గళ్లని తనే విడగొట్టుకుంటుంది. మా డైరెక్టర్ అలాగే చేశాడు, జిరాక్స్ ఖర్చు తప్ప ఏమీ కాలేదు. షాట్ జనరేటర్ అని ఇంకోటి ఉంది, త్రీడీ మనుషుల్ని పెట్టి కెమెరా తిప్పుకోవచ్చు. గదిలో ఇద్దరు మాట్లాడుకునే సీన్‌కి బాగుంది. గుంత మగ్గంలో కాళ్లు కిందకి వేసి కూర్చున్న మనిషి కావాలంటే మాత్రం మోకాలు, తుంటి ఒక్కోటీ చేత్తో తిప్పాలి, నాకు ఓ సాయంత్రం అయిపోయింది, నా పాత ల్యాప్‌టాప్ ఫ్యాన్ బోరింగ్ మోటార్‌లా మోగింది.

రంగుల ప్లాన్‌కి దీన్ని నమ్ముకోలేం. ట్రైలర్ అంతా బూడిద రంగులో ఉండి ఎర్ర పోగు ఒక్కటే కొట్టొచ్చినట్టు కనపడాలన్నది మా ఆలోచన, పెన్సిల్ గీతల్లో అది తేలదు. లొకేషన్‌లో ఫోన్ ఫోటోలు తీసి, రంగు తగ్గించి, వరసగా ఒక పొడుగాటి పట్టీలా అతికించుకున్నాం. అప్పుడు తెలిసింది కిటికీ వెలుతురులో ఆ ఎరుపు మధ్యాహ్నానికి నారింజ అయిపోతోందని. షూటింగ్ పొద్దున్నకి మార్చాం.

టైటిల్ కూడా బయటే చేసుకోవాలి. మా టైటిల్‌లో "స్త్ర" ఉంది. మొదట వాడిన సాఫ్ట్‌వేర్‌లో ఒత్తులు ఊడిపోయి మూడు ముక్కలై కూర్చుంది. ఫోటోషాప్‌లో టైప్ సెట్టింగ్స్‌కి వెళ్లి దక్షిణాసియా భాషల ఆప్షన్ పెట్టాక అక్షరం అక్షరంలా వచ్చింది, వెనక ఏమీ లేని పీఎన్‌జీగా తీసుకున్నాం. ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లోవే. సురన్న సన్నగా అందంగా ఉంది కానీ ఫోన్‌లో చూస్తే మాయం, చివరికి రామభద్ర.

ఇంకో జాగ్రత్త. స్టోరీబోర్డర్ ఫైల్ వేరు, బొమ్మలుండే ఇమేజెస్ ఫోల్డర్ వేరు. నేను ఫైల్ ఒక్కటే ఎడిటర్‌కి వాట్సాప్ చేసి పడుకున్నా. రాత్రి ఒంటిగంటకి ఫోన్, "ఒసేయ్, అన్నీ తెల్లగా ఉన్నాయి, ఇదేమైనా ఆర్ట్ ఫిల్మా?" అని. తప్పు నాదే, ఫోల్డర్ మొత్తం జిప్ చేసి పంపాలి. పంపాక ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రీమియర్‌కి ఎక్స్‌పోర్ట్ చేసుకుంటే టైములతో సహా టైమ్‌లైన్ వచ్చేసింది, వాడు బొమ్మ తీసి షాట్ పెట్టుకుంటూ పోయాడు.

కొత్త వెర్షన్లు రాక చాలా ఏళ్లయింది, అది తెలిసే దింపుకోండి. ఉచితం కాబట్టి కాదు, టైమ్ చూపిస్తుంది కాబట్టి నేను ఐదుకి నాలుగిస్తా.

ట్రైలర్ 71 సెకన్లకి లాక్ అయింది. ఇప్పుడు ఇన్‌స్టాకి నిలువు కట్ కావాలంటున్నారు, అందుకని నిలువు కొలతలో ఇంకో ప్రాజెక్ట్ తెరిచి మొదటినుంచి గీస్తున్నా. మగ్గం సగమే పడుతోంది.