ఆరు సీడీల్లో ది ఫాల్: పీల్ సెషన్స్ బాక్స్ సెట్ సమీక్ష

ది ఫాల్ పాటలు కొత్తగా వినాలనుకునేవారికి ముందుగా ఎదురయ్యే చిక్కు ఎక్కడ మొదలుపెట్టాలన్నదే. మాంచెస్టర్ పక్కనున్న ప్రెస్ట్‌విచ్‌లో 1976లో పుట్టి, 2018 జనవరి 24న గాయకుడు మార్క్ ఇ. స్మిత్ మరణంతో ముగిసిన ఈ బ్రిటిష్ పోస్ట్-పంక్ (పంక్ రాక్ తరువాత వచ్చిన సంగీత ధోరణి) బృందం ముప్పైకి పైగా స్టూడియో ఆల్బమ్‌లు విడుదల చేసింది. అరవై మందికి పైగా వాద్యకారులు అందులోకి వచ్చి వెళ్లారు. వారిలో సుమారు మూడో వంతు మంది ఏడాదైనా నిలవలేదు. మొదటి నుంచి చివరి దాకా ఉన్నది స్మిత్ ఒక్కడే. ఇలాంటి బృందానికి హిట్ పాటల సంకలనం ఒకటి కొని వింటే ఏ పాటలో ఎవరు వాయించారో, ఎవరు వెళ్లాక శబ్దం ఎలా మారిందో ఏమీ అంతుపట్టదు. అందుకే క్యాజిల్ మ్యూజిక్ సంస్థ 2005లో విడుదల చేసిన ‘ది కంప్లీట్ పీల్ సెషన్స్ 1978–2004’ అనే ఆరు సీడీల పెట్టెను వాళ్ల ఆల్బమ్‌లన్నిటికంటే ముందు వినమని చెబుతాను. అందులో 24 సెషన్లు, 97 పాటలు ఉన్నాయి. బీబీసీ రేడియో 1 వ్యాఖ్యాత జాన్ పీల్ కార్యక్రమానికి ఇన్నిసార్లు రికార్డు చేసిన బృందం మరొకటి లేదు.

పీల్ సెషన్ అంటే ఏమిటో ముందుగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ పెట్టె విలువంతా ఆ పద్ధతిలోనే ఉంది. రేడియోలో రోజుకు ఇన్ని గంటలకు మించి గ్రామఫోన్ రికార్డులు వేయకూడదని సంగీతకారుల సంఘంతో బీబీసీకి చాలాకాలం ఒప్పందం ఉండేది. మిగిలిన సమయాన్ని నింపడానికి బృందాలను పిలిపించి, తమ స్టూడియోలోనే ప్రత్యేకంగా వాయింపజేసి రికార్డు చేసుకునేవారు. రేడియో 1లో పీల్ కార్యక్రమం కోసం లండన్‌లోని మెయిడా వేల్ స్టూడియోలో జరిగిన ఈ సెషన్లలో సాధారణంగా ఒక్క రోజులో నాలుగు పాటలు వాయించి, మిక్సింగ్ కూడా ఆ రాత్రికే ముగించేవారు. ఆల్బమ్ అయితే నిర్మాతను బట్టి, ఖర్చును బట్టి, రికార్డు కంపెనీ ఒత్తిడిని బట్టి దాని రూపు మారిపోతుంది. ఇక్కడ ఆ తేడాలు చాలావరకు ఉండవు. ఇరవై ఆరేళ్లపాటు గడువూ పద్ధతీ దాదాపు ఒక్కటే, మారుతూ వచ్చినది వాయించే మనుషులే. కాబట్టి రెండు సెషన్ల మధ్య మన చెవికి తెలిసే తేడా ఎక్కువ పాళ్లు ఆ మనుషుల తేడాయే. ఒక బృందం లైనప్‌ల (ఏ కాలంలో ఎవరెవరు వాయించారన్న కూర్పుల) చరిత్రను ఇంత సూటిగా వినిపించే మరో వస్తువు నాకు తెలియదు.

మొదటి సెషన్ 1978 మేలో రికార్డయింది. విశేషమేమిటంటే అప్పటికే స్థాపకుల్లో సగం మంది లేరు. స్మిత్‌తో కలిసి బృందాన్ని మొదలుపెట్టిన టోనీ ఫ్రీల్, ఊనా బెయిన్స్ ఇద్దరూ వెళ్లిపోగా, గిటార్ వాద్యకారుడు మార్టిన్ బ్రామా మాత్రమే మిగిలాడు. కీబోర్డు మీద ఇవాన్ పాలెట్, డ్రమ్స్ మీద కార్ల్ బర్న్స్ ఉన్నారు. చవకబారు ఎలక్ట్రిక్ పియానో గిటార్‌తో పోటీపడుతూ గలగలలాడుతుంటే, పక్కన కాంగా డ్రమ్ము ఒకటి పాటకూ తనకూ ఇంకా పరిచయం కాలేదన్నట్టు మోగుతూ ఉంటుంది. ఆ ఏడాది నవంబరులో రికార్డయిన రెండో సెషన్‌కి మార్క్ రైలీ బేస్ గిటార్‌తో చేరాడు. పాటలు గట్టిపడ్డాయి, వేగం పెరిగింది. మరికొన్ని వారాలకే మొదటి ఆల్బమ్‌ను ఒక్క రోజులో రికార్డు చేసిన బృందం ఇదే. ఆ తొందరకు కావలసిన పట్టు అప్పటికే చిక్కిందని ఈ నాలుగు పాటలు వింటే తెలుస్తుంది.

ఆ తరువాత ఈ పెట్టెలో పెద్ద లోటు ఒకటి వస్తుంది. మూడో సెషన్ 1980 సెప్టెంబరుకు గానీ జరగలేదు, కాబట్టి 1979 అంతా ఇందులో లేదు. ఆ ఒక్క ఏడాదిలోనే బ్రామా, బర్న్స్, పాలెట్ వెళ్లిపోయారు, రైలీ బేస్ వదిలి గిటార్ అందుకున్నాడు, గిటార్‌కు క్రెయిగ్ స్కాన్లన్, బేస్‌కు స్టీవ్ హ్యాన్లీ వచ్చారు. బృందం చరిత్రలో అంత ముఖ్యమైన మలుపు పీల్ సెషన్లలో నమోదు కాకపోవడం నాకు నిజంగా బాధ కలిగించే విషయం. వరుసగా వింటూ వచ్చేవారికి రెండో సెషన్ తరువాత మూడోది మొదలవగానే వేరే బృందం సీడీ పొరపాటున కలిసిందేమోననిపిస్తుంది. స్మిత్, రైలీ తప్ప అందరూ కొత్తవాళ్లే.

అయితే ఆ మూడో సెషన్ ఈ పెట్టెకే వెన్నెముక. స్టీవ్ తమ్ముడు పాల్ హ్యాన్లీ అప్పటికి డ్రమ్స్ మీద కూర్చున్నాడు. అతని వయసు పదహారేళ్లు. ‘కంటెయినర్ డ్రైవర్స్’ అనే పాటలో ఆ కుర్రవాడు రాకబిల్లీ (తొలినాళ్ల రాక్ అండ్ రోల్) లయను గుక్క తిప్పుకోకుండా తోలుకుపోతుంటే మిగిలినవాళ్లు వెంటబడి పరుగెత్తుతున్నట్టు ఉంటుంది. ‘న్యూ ప్యూరిటన్’ ఇందుకు పూర్తిగా భిన్నం. రెండు గిటార్లు ఒకే చిన్న ముక్కను గీకినట్టు మళ్లీ మళ్లీ వాయిస్తాయి, డ్రమ్స్ తలుపు బాదినట్టు మోగుతాయి, ఆ రెంటి కింద స్టీవ్ హ్యాన్లీ బేస్ అంగుళం కూడా కదలకుండా నిలబడుతుంది. దాని మీద స్మిత్ పాడడు, నిలదీస్తాడు. ఈ పాట సెషన్ రూపమే అసలైనదని అభిమానులు అనడంలో అతిశయోక్తి లేదు. ఒక్క పాటే విని ఈ బృందం సంగతి తేల్చుకోవాలనుకునేవారికి నేను ఇదే వినిపిస్తాను. 1985లో మొదటి బిడ్డ పుట్టినప్పుడు తీసుకున్న కొద్దికాలపు సెలవు తప్పిస్తే, హ్యాన్లీ ఇక్కడి నుంచి 1998 దాకా బృందంలోనే ఉన్నాడు. ది ఫాల్ ఎన్ని మార్పులకు లోనైనా ఒకే బృందంలా ఎందుకు వినిపించిందని ఎవరైనా అడిగితే స్మిత్ గొంతు గురించే చెబుతారు. ఈ పెట్టె మొత్తం విన్నాక, ఆ ఖ్యాతిలో సగం హ్యాన్లీ వేళ్లకు దక్కాలని నాకు నమ్మకం కుదిరింది.

1981లో జరిగిన ఐదో సెషన్, 1983 మార్చిలో ప్రసారమైన ఆరోది, 1984 జనవరి మొదటి వారంలో ప్రసారమైన ఏడోది ఒకే కూర్చోవడంలో వినాలి. ఐదో సెషన్‌లో రైలీ ఉన్నాడు. కీబోర్డు, రెండో గిటార్ కలిసి పాటల అంచులను నింపుతుంటాయి. 1983 ఆరంభంలో స్మిత్ అతన్ని బృందం నుంచి తొలగించాడు (ఆ రైలీయే తరువాత బీబీసీ రేడియో వ్యాఖ్యాతగా పేరు తెచ్చుకున్నాడు). ఆరో సెషన్ నాటికి స్కాన్లన్ గిటార్ ఒక్కటే మిగలగా, డ్రమ్స్ మీద మాత్రం పాల్ హ్యాన్లీ, తిరిగి వచ్చిన కార్ల్ బర్న్స్ ఇద్దరు కూర్చున్నారు. ఒక గిటార్‌కు ఇద్దరు డ్రమ్మర్లు! ‘గార్డెన్’ అనే పాట ఆ ఖాళీనే ఆసరాగా చేసుకుని నింపాదిగా సాగుతుంది, ఎక్కడా తొందరపడదు. ‘ఈట్ యువర్‌సెల్ఫ్ ఫిట్టర్’ అయితే ఒకే దరువును పట్టుకుని వేలాడుతూ ఆగి, మళ్లీ మొదలై, మళ్లీ ఆగుతుంది. పీల్‌కు దీని మీద ఎంత మక్కువంటే, నిర్జన ద్వీపానికి వెంట తీసుకువెళ్లే పాటలేవని అతిథులను అడిగే బీబీసీ కార్యక్రమానికి వెళ్లినప్పుడు దీన్నీ ఎంచుకున్నాడు.

అదే 1983లో స్మిత్ అమెరికన్ గిటారిస్టు బ్రిక్స్‌ను పెళ్లాడాడు, ఆమె బృందంలో చేరింది. ఏడో సెషన్‌లో ఆమె రాక వినబడుతుంది: తొమ్మిది నిమిషాల దాకా నడిచే బరువైన పాట పక్కనే, హుషారుగా పల్లవి అందుకునే ‘క్రీప్’ కూడా ఉంది. పల్లవి అనే మాట ది ఫాల్ విషయంలో నిస్సంకోచంగా వాడగలిగేది ఇక్కడి నుంచే. ఆ తరువాతి ఐదేళ్లు బృందానికి బయటి ప్రపంచంలో మంచి కాలం. 1986లో డ్రమ్స్‌కు సైమన్ వుల్‌స్టెన్‌క్రాఫ్ట్ వచ్చాడు, 1987, 1988లలో రెండు సింగిల్స్ బ్రిటన్ టాప్ 40లో చేరాయి, 1988లో నాట్యకారుడు మైకేల్ క్లార్క్‌తో కలిసి బ్యాలే కూడా ప్రదర్శించారు. ఈ కాలపు సెషన్లు చక్కగా ఉన్నాయి గానీ, నేను వాటి దగ్గర ఎక్కువసేపు ఆగను; ఈ పాటలకు ఆల్బమ్‌లలోని నగిషీ మేలు చేసింది, ఒక్క రోజు రికార్డింగులో అది కొంత పోయింది.

1989లో బ్రిక్స్ వెళ్లిపోయాక స్మిత్ పదేళ్ల కిందట వదిలిపోయిన బ్రామానే మళ్లీ పిలిచాడు. మొదటి సెషన్‌లో ఉరకలు వేసిన ఆ గిటార్, 1990 జనవరిలో ప్రసారమైన పదమూడో సెషన్‌లో నెమ్మదించి, పొదుపుగా, దాదాపు విచారంగా వినిపిస్తుంది. కొద్ది నెలలకే అతన్ని మళ్లీ పంపేశారు. తొంభైల నడిమి సెషన్లు ఈ పెట్టెలో అతి బలహీనమైన భాగమని చెప్పక తప్పదు. 1993లో ఒక ఆల్బమ్ బ్రిటన్ పట్టికలో తొమ్మిదో స్థానానికి చేరిన తరువాత మళ్లీ ఇద్దరు డ్రమ్మర్లు వచ్చారు, బ్రిక్స్ తిరిగి వచ్చింది, కానీ 1983లో ఇద్దరు డ్రమ్మర్లు తెచ్చిన బిగువు ఇప్పుడు రద్దీగా మారింది. 1994 డిసెంబరు సెషన్‌లోని క్రిస్మస్ పాటలు మాత్రం వేరే సంగతి. ఒక కీర్తనను స్మిత్ తన పద్ధతిలో అందుకున్న తీరు నన్ను నిజంగా సంతోషపెట్టింది.

1998కి వచ్చేసరికి ఈ పెట్టె చేయగలిగిన మేలు పూర్తిగా తెలుస్తుంది. ఆ ఏడాది రెండు సెషన్లు జరిగాయి, ఒకటి ఫిబ్రవరిలో, మరొకటి అక్టోబరులో. మధ్యలో ఏప్రిల్‌లో న్యూయార్క్‌లో వేదిక మీదే కొట్లాట జరిగి, హ్యాన్లీ, బర్న్స్, గిటారిస్టు టామీ క్రూక్స్ ముగ్గురూ బృందాన్ని విడిచిపోయారు. స్మిత్‌తో మిగిలింది కీబోర్డు వాయించే జూలియా నేగల్ ఒక్కరే. ఫిబ్రవరి పాటల్లో అలసట ఉన్నా బేస్ ఇంకా ఇంటి దూలంలా నిలిచే ఉంది. అక్టోబరు పాటల్లో ఆ దూలం లేదు. యంత్రాల లయలు, గరుకు గిటార్, కొత్తవాళ్ల తడబాటు, వాటన్నిటి మధ్య మునుపటికంటే ముందుకు వచ్చి నిలబడిన స్మిత్ గొంతు వినిపిస్తాయి. దాదాపు పంతొమ్మిదేళ్లు వెన్నుదన్నుగా నిలిచిన మనిషి లేకపోవడం ఎలా వినిపిస్తుందో తెలుసుకోవాలంటే ఈ రెండు సెషన్లను వెంటవెంటనే వినాలి. అక్టోబరు సెషన్ మొదటిసారి విన్నప్పుడు నేను ఒక పాట సగంలో ఆపి, ఫిబ్రవరి సెషన్‌కు వెనక్కి వెళ్లాను.

ఆ తరువాత 2003 దాకా మళ్లీ ఖాళీ. చివరిదైన ఇరవై నాలుగో సెషన్ 2004 ఆగస్టులో రికార్డయింది. స్మిత్ అప్పటి భార్య ఎలెని పౌలూ కీబోర్డుతో, బెన్ ప్రిచర్డ్ గిటార్‌తో ఉన్న ఆ లైనప్ ‘బ్లైండ్‌నెస్’ అనే పాటలో ఒకే బేస్ గీతను మార్చకుండా పట్టుకుని, చివరి దాకా దాని బరువు పెంచుకుంటూ పోతుంది. ఇరవై నాలుగేళ్ల కిందటి మూడో సెషన్‌తో అతుక్కునే పాట ఇది. మధ్యలో స్మిత్ తప్ప అందరూ మారిపోయారు. ఈ బృందం ఎప్పుడూ వేరుగా ఉంటుంది, ఎప్పుడూ ఒకేలా ఉంటుందని పీల్ అన్న మాట అందరికీ తెలిసినదే. ఈ రెండు సెషన్లను పక్కపక్కన పెట్టి వింటే ఆ మాటను మనమే సరిచూసుకోవచ్చు. ఆ అక్టోబరు 25న పీల్ పెరూ దేశంలో మరణించాడు.

కొనేవారు గుర్తుంచుకోవలసిన పరిమితి ఇక్కడే ఉంది. 2006లో అమెరికా పర్యటన మధ్యలో ప్రిచర్డ్‌తో సహా ముగ్గురు ఒకేసారి విడిచిపోవడం గానీ, ఆ తరువాత పీట్ గ్రీన్‌వే, డేవ్ స్పర్, కీరన్ మెల్లింగ్‌లతో దాదాపు పదేళ్లు కుదురుగా నిలిచిన చివరి లైనప్ గానీ ఈ పెట్టెలో లేవు. దీన్ని మాత్రమే వింటే స్మిత్ ఎవరితోనూ ఇమడలేదన్న అభిప్రాయం మిగిలిపోతుంది, అది సరికాదు. కాబట్టి ఈ ఆరు సీడీలకు తోడుగా, ఆ ముగ్గురితో 2017లో వెలువడిన చివరి ఆల్బమ్ ‘న్యూ ఫ్యాక్ట్స్ ఎమర్జ్’ కూడా తెచ్చుకుని పక్కన పెట్టుకోండి. పెట్టెను ఒకేసారి మొత్తం వినాలని కూర్చోవద్దు, రోజుకు ఒక సెషన్ చాలు. వినే ముందు ఆ రోజు ఎవరెవరు వాయించారో పేర్లు చూసుకోండి, బేస్ ఎవరిదో మరీ ముఖ్యంగా చూడండి.