పర్లాకిమిడి చెమ్మలో జనపనార తివాచీ: కొన్నేళ్లు వాడిన తరువాత

పర్లాకిమిడిలోని మా ఇంటి హాలును సహజమైన నారలతో, రకరకాల అల్లికలను, రంగులను కలగలిపి పరిచే బోహిమియన్ పద్ధతిలో తీర్చిదిద్దుకుని కొన్నేళ్లు గడిచాయి. జనపనార తివాచీ, బెత్తం కుర్చీలు, సబాయి గడ్డి బుట్టలు, నూలుతాడుతో అల్లిన మాక్రమే, వెదురు తెరలు ఎలా ఉంటాయో అందరూ చూసినవే కనుక వాటి వర్ణన జోలికి పోను. నా ఫిర్యాదంతా ఒక్క వస్తువు మీద, అందులోనూ దాని అడుగుభాగం మీద. తివాచీ జారకుండా ఉండటానికని కింద అంటించి పంపిన ఆ రబ్బరు పూత గురించి కొనేవారికి ఎవరూ ముందుగా చెప్పరు, చెప్పి తీరవలసిన విషయం మాత్రం అదే.

పైనుంచి చూస్తే ఆ తివాచీకి వంక పెట్టడానికి లేదు. మాది ఎర్ర గచ్చు నేల. చలికాలం ఉదయాన ఆ గచ్చు మీద కాలు మోపలేని మా అత్తయ్య, తివాచీ వచ్చిన తరువాత దాని మీదే కూర్చుని కూరలు తరుక్కునేవారు. ఆ మొదటి చలికాలం, ఆ తరువాతి వేసవి చూసి బంధువులలో అడిగినవారందరికీ కొనుక్కోమని చెప్పాను.

వానాకాలం వచ్చింది. ఇక్కడి శ్రావణ భాద్రపదాలు ఎలా ఉంటాయో ఈ ప్రాంతంలో ఉండేవారికి తెలుసు. మూత పెట్టిన డబ్బాలో ఉప్పు కూడా నీరుకారుతుంది, బీరువాలో బట్టలు ముక్కవాసన కొడతాయి. హాలులో తడిసిన గోనెసంచి వాసన మొదలైతే కిటికీలోంచి జల్లు కొట్టిందేమోనని, పైకప్పు కారుతోందేమోనని అంతా వెతికాము. ఎక్కడా తడి లేదు, తివాచీ పైన చెయ్యి పెట్టి చూస్తే పొడిగానే ఉంది. చివరకు బల్ల జరిపి ఒక మూల ఎత్తబోతే అది లేవలేదు. గట్టిగా లాగితే పరపరమని శబ్దం చేస్తూ, అడుగునున్న రబ్బరు పూతలో సగం గచ్చుకే అంటుకుని ఉండిపోయి మిగిలినది ఊడి వచ్చింది. ఊడివచ్చిన వైపు పసుపుపచ్చని పొడి రాలుతోంది. పురులు పెట్టిన నార మడతల్లో, గసగసాలంత నల్లని బూజు చుక్కలు వరుసగా ఉన్నాయి. గచ్చు మీద ఆ పూత గళ్లు గళ్లుగా తెల్లగా అచ్చుపడింది. కొబ్బరినూనె రాసి నానబెట్టి, కొబ్బరి చిప్ప అంచుతో గీకితే చాలావరకు పోయింది కానీ, కిటికీ వెలుగు ఏటవాలుగా పడినప్పుడు ఆ గళ్లు ఇప్పటికీ కనిపిస్తాయి. ఆ గచ్చు మా మామగారి తండ్రి దగ్గర ఉండి నున్నగా తోమించినది కనుక, తివాచీకి పోసిన డబ్బు కంటే ఆ మచ్చలే నన్ను ఎక్కువ బాధపెట్టాయి.

దీనికి కారణం జనపనార స్వభావంలోనే ఉంది. గాలిలో తేమ 65 శాతం ఉన్నప్పుడు ఏ నార ఎంత తేమను పట్టి ఉంచుతుందో నూలు, నార వ్యాపారంలో ఒక లెక్క ఉంది. ఆ లెక్కలో పాలియెస్టరుకు 0.4 శాతం, పత్తికి 8.5 శాతం అయితే, జనపనారకు 13.75 శాతం. మన వానాకాలపు గాలిలో తేమ 65 దగ్గర ఆగదు, నార ఇంకా ఎక్కువ పీల్చుకుంటుంది. పీల్చుకోవడం దానికదే దోషం కాదు, ఎండ కాసినప్పుడు మళ్లీ విడిచిపెడుతుంది. అయితే కింద రబ్బరు పూత ఉన్నప్పుడు, పాత ఇళ్లలో నేలలోంచి పైకి వచ్చే చెమ్మకు దారి మూసుకుపోతుంది, అది గచ్చుకూ పూతకూ మధ్య నిలిచిపోతుంది, పూత మెత్తబడి పొడి అవుతుంది. బోహిమియన్ పద్ధతిలో ఒక తివాచీ మీద ఇంకొకటి పరవడం ఎంతో అందంగా ఉంటుందంటారు. మేమూ పరిచాము, అందంగానే ఉండేది. అయితే పై పొర ఉన్నంతమేర కింది నారకు గాలి ఆడదు.

అమ్మినవారికి ఫోను చేస్తే ఎండలో వేయమన్నారు. వేశాము. వాసన తగ్గింది కానీ, ఎండ తగిలిన సగం టీ డికాక్షను రంగులోకి మారింది. జనపనారలో లిగ్నిన్ అనే పదార్థం ఉంటుంది, వెలుతురుకు అది గోధుమరంగుకు తిరుగుతుంది. ఈ సంగతీ తివాచీకి తగిలించిన చీటీ మీద లేదు. చీటీ మీద ఉన్నదల్లా పూర్తిగా సహజమైన నార అన్న మాటే, ఆ మాట పైపొరకు నిజం, అడుగు పూత ఊసే అందులో లేదు.

ఆ తివాచీ తీసేసిన చోట, తాత్కాలికంగా అనుకుని, ఉద్దానం వైపునుంచి తెప్పించిన కొబ్బరి పీచు చాప వేశాము. నాకు కలిగిన నిజమైన ఆనందం దీనితోనే. పీచులో లిగ్నిన్ జనపనారలో కంటే సుమారు మూడు రెట్లు ఎక్కువ, నీటిని తట్టుకునే గుణం దానివల్లే వస్తుంది. అడుగున పూత లేని చాప కావడంతో వారానికొకసారి చుట్టి గోడకు నిలబెడితే చాలు, ఇంతవరకు బూజు పట్టలేదు. అలాగని మెత్తగా ఉందని చెప్పలేను. మొదటి నెలల్లో పొడి రాలుతుంది, వట్టి కాళ్లకు గరుకుగా తగులుతుంది, అత్తయ్య దాని మీద కూర్చోరు. ఆవిడ కోసం పక్కన తుంగచాప వేస్తున్నాము.

మిగిలిన వస్తువులను నేను మొదట్లో మెచ్చుకున్నంతగా ఇప్పుడు మెచ్చుకోలేను. మయూర్‌భంజ్ సబాయి బుట్టలు అరల మీద ఉన్నంతకాలం కొత్తవాటిలాగే ఉన్నాయి, నేల మీద పెట్టిన ఒక్కటి మాత్రం అడుగున నల్లబడింది. వెదురు తెరల కింద పొద్దున్నే పిండిలాంటి పొడి కనిపిస్తోంది. కోసిన వెదురును నీళ్లలో నానబెట్టి పిండిపదార్థం పోగొట్టకపోతే ఇలాగే పుచ్చుతుంది. మాక్రమే బాగుంది, దుమ్ము దులపడమే పెద్ద పని. తొగరు వేరు రంగు వేసిన కోట్‌పాడ్ నేత గుడ్డను మాత్రం ఏ సందేహమూ లేకుండా మెచ్చుకుంటాను. కొరాపుట్ జిల్లా నేతగాళ్ల ఆ నేతకు 2005లో భౌగోళిక గుర్తింపు (జీఐ), అంటే ఆ ప్రాంతపు ప్రత్యేక వస్తువన్న గుర్తింపు వచ్చింది. దిండు గలీబులుగా కుట్టించాను, ఇన్ని ఉతుకుల తరువాత కూడా ఆ ముదురు ఎరుపు నిలిచే ఉంది. కొత్తలో ఆముదం, పేడ కలిసిన వాసన కొంత ఉంటుంది, నాకు అది ఇబ్బంది అనిపించలేదు.

మాది నేలమట్టపు ఇల్లు, పాత పునాది, ఉబ్బసం ఉన్న పెద్దావిడ ఇంట్లో ఉన్నారు, కాబట్టి బూజు విషయంలో నేను మిగతావారి కంటే కఠినంగా ఉన్నానేమో. బరంపురంలో మూడో అంతస్తులో, టైల్సు నేల మీద ఉండే మా ఆడపడుచు అలాంటి తివాచీనే హాయిగా వాడుతోంది. ఆమె ఇల్లు చూసి కొనదలచిన వారిని నేను ఆపను. కొనేముందు దుకాణంలోనే తివాచీని తిరగేసి చూడండి. అడుగున పూత ఉంటే, నేల చెమ్మపట్టే ఇంటికి మాత్రం తీసుకోకండి.