విజయవాడలో దిగి రాళ్ళు చూసొచ్చాం: కొండపల్లి, చీమకుర్తి, పంగిడి

రాళ్ళు చూట్టానికి టూరేంట్రా అని ఇంట్లో నవ్వారు గానీ, జియాలజీ చదివిన మా బావ తోడున్నాడు కాబట్టి విజయవాడలో రూమ్ తీసుకుని అగ్నిశిలలు, అంటే కరిగిన రాయి చల్లారి గట్టిపడ్డ రాళ్ళున్న చోట్లు తిరిగొచ్చాం. టైం తక్కువుంటే కొండపల్లి ఒక్కటి చూడండి చాలు, మిగతావి ఓపికున్నవాళ్ళకి.

బస్టాండ్ దగ్గర లాడ్జిలో దిగాం. రూమ్ శుభ్రంగానే ఉంది, వేడినీళ్ళు పొద్దున పూట మాత్రమే, రాత్రంతా హారన్లు. నిద్ర ముఖ్యమనుకుంటే గవర్నర్‌పేట లోపలి వీధుల్లో చూసుకోండి, పొద్దున్నే బయటపడాలనుకుంటే మాత్రం బస్టాండ్ పక్కనే నయం.

కొండపల్లి 20 కిలోమీటర్లుంటుందేమో, సిటీ బస్సులో ఊళ్ళోకి వెళ్ళి అక్కణ్ణించి కోటకి ఆటో, వెయిటింగ్‌తో కలిపి ముందే బేరం మాట్లాడుకోండి లేకపోతే దిగేటప్పుడు తంటా. కోట 14వ శతాబ్దం నాటి రెడ్డిరాజులది, బాగుంది, కానీ బావ దాన్ని సరిగ్గా చూడనేలేదు, ఘాట్ రోడ్డు పక్కనే కూర్చుండిపోయాడు. ఇక్కడ మాగ్మా (భూమి లోపల కరిగిన రాయి) పైకి రాకుండా భూమి లోపలే నిదానంగా చల్లారిందంట, నిదానంగా చల్లారితే స్ఫటికాలు పెద్దగా పెరిగి కంటికే కనపడతాయి. పైగా ముందు గడ్డకట్టిన బరువైన ఖనిజాలు పులుసులో ముక్కల్లా అడుక్కి దిగి పొరలు పొరలుగా పేరుకుంటాయి, అందుకే ఈ కొండల్లో క్రోమైట్, పైరాక్సినైట్, గాబ్రో, అనార్థోసైట్ అనే రకాలన్నీ ఒకే కుటుంబంలా దొరుకుతాయి. అనార్థోసైట్‌లో అయితే 90 శాతం పైగా ప్లేజియోక్లేజ్ ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజమే. తర్వాత తూర్పు కనుమలు ఏర్పడ్డప్పటి వేడికీ ఒత్తిడికీ ఇవి కొంత మారాయి కూడా, కాబట్టి కనపడ్డ ప్రతి రాయీ అచ్చమైన అగ్నిశిల అనుకోకండి. నీళ్ళ సీసాలు కిందే కొనుక్కోండి, రాళ్ళ గురించి చెప్పే బోర్డు మాకెక్కడా కనపళ్ళేదు.

చీమకుర్తికి ఒంగోలు దాకా రైలు, ఆపైన బస్సు. బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ అని మన ఇళ్ళల్లో కిచెన్ గట్టుకి వేయించుకునేది ఇక్కడిదే. కానీ జియాలజిస్టుల లెక్కలో అది గాబ్రో జాతి, పేరు గాబ్రోనోరైట్. వాళ్ళు గ్రానైట్ అనాలంటే క్వార్ట్జ్ (పలుగురాయి), ఫెల్డ్‌స్పార్‌లు కలిపి వందనుకుంటే అందులో క్వార్ట్జ్ 20 నుంచి 60 వంతులుండాలి, ఇందులో అంత క్వార్ట్జ్ ఎక్కడిది! ఆ బంగారు చుక్కలు బ్రాంజైట్ అనే పైరాక్సీన్ జాతి ఖనిజానివి. పర్మిషన్ లేనిదే క్వారీలోకి రానివ్వరు, అది మంచిదే. బయట యార్డుల్లో పాలిష్ చేసిన పలకలు చూసుకోవచ్చు, నాకైతే క్వారీ కన్నా అక్కడే చుక్కలు బాగా కనపడ్డాయి.

కొవ్వూరు దగ్గరి పంగిడి, గౌరీపట్నం వైపు కారు మాట్లాడుకున్నాం, ఖర్చు కాస్త ఎక్కువే. ఇక్కడిది బసాల్ట్, దాదాపు 6.5 కోట్ల ఏళ్ళ కిందటి లావా. బయట గాలి తగిలి గబగబా చల్లారింది కాబట్టి గింజ (రాయిలోని స్ఫటికాల సైజు) సన్నం, లెన్స్ పెట్టినా స్ఫటికాలు అంత తేలిగ్గా దొరకవు. బావ చెప్తే ఆశ్చర్యమేసింది, బసాల్టూ గాబ్రో రసాయనంగా ఇంచుమించు ఒకటే, రెండిట్లోనూ సిలికా 45 నుంచి 52 శాతం, చల్లారిన వేగమే తేడా. అలాగే లోపల నిదానంగా చల్లారిన గ్రానైట్‌కి, బయట గబగబా చల్లారిన రయొలైట్ అనే రాయి జోడీ. అంటే జియాలజిస్టు ముందు గింజ చూస్తాడు, ఆ తర్వాత ఏ ఖనిజాలు ఎంతెంతున్నాయో లెక్కేస్తాడు, గింజ మరీ సన్నమైతే ల్యాబులో రసాయన పరీక్షే దిక్కు.

పంగిడిలో కంకర లారీల దుమ్ము మామూలుగా ఉండదు, మాస్కు పెట్టుకోండి, బ్లాస్టింగ్ టైం అడక్కుండా క్వారీ అంచుకి పోకండి. పిల్లలతో వెళ్ళేవాళ్ళయితే దీన్ని వదిలేసి, ఆ డబ్బులతో కొండపల్లిలో బొమ్మలు కొనుక్కోవచ్చు.