కథలు రాసే ఏఐ యాప్: ఏడాది పైగా వాడాక నా రివ్యూ

పేరెందుకులెండి, పెద్ద కంపెనీదే, నెలనెలా డబ్బులు కట్టి మరీ వాడుతున్నా. తెలుగు మొదట్లో కంటే ఇప్పుడు చాలా నయం, అచ్చుతప్పులు కూడా పెద్దగా ఉండట్లేదు. నేను చూసిందల్లా కథ చదివితే మనసుకి పడుతుందా లేదా అని.

మాది విజయవాడ సింగ్ నగర్. 2024 సెప్టెంబరులో బుడమేరు ఎలా ముంచిందో తెలిసిందే కదా, దాని మీద కథ రాయమన్నా. ఒక తాతయ్య, మనవరాలు, తడిసిన పెళ్లి ఫోటో, చివర్లో ప్రేమ మాత్రం మునగలేదు టైపు డైలాగు. మా పిన్నికి చదివి వినిపిస్తే కళ్లు తుడుచుకుంది, అబద్ధమెందుకు. కానీ ఆవిడ ఏడ్చింది తాతయ్య కోసం కాదు, కింద పోర్షన్లో నానిపోయిన తన కుట్టు మిషన్ గుర్తొచ్చి, ఆ మిషన్ కథలో ఎక్కడా లేదు! 1966లో అమెరికాలో ఎంఐటీ అనే యూనివర్సిటీలో వైజెన్‌బామ్ అనే ఆయన ఎలీజా అని చిన్న కంప్యూటర్ ప్రోగ్రాం చేశాడు, మనం టైప్ చేసిందే తిప్పి మనల్ని అడిగేది అంతే, దాంతో మాట్లాడుతూ ఆయన సెక్రటరీయే ఆయన్ని కాసేపు బయటికెళ్లమందట. ఏడుపొచ్చింది కాబట్టి ఫీలింగ్ ఉన్నట్టే అంటే ఎలీజాకీ మార్కులు వేయాలి మరి.

నాకు అసలు తేడా కొట్టింది వేరే, దీని కథల్లో అందరూ మంచోళ్లే. మా మేడ మీద డ్రోన్ వదిలిన భోజనం ప్యాకెట్ల దగ్గర రెండిళ్ల మధ్య పెద్ద గొడవ, "మీరు నలుగురే కదమ్మా, ఆరెందుకు తీశారు" అని. అలా అన్నావిడే రాత్రి వాళ్ల పసిదానికి తన దగ్గర మిగిలిన ఒక్క పాల ప్యాకెట్టూ మొహం తిప్పుకునే ఇచ్చింది, ఇప్పటికీ ఇద్దరికీ మాటల్లేవు. ఇదంతా విడమర్చి చెప్పి రాయమంటే నాలుగో పేరాకల్లా కౌగిలించేసుకున్నారు (సింగ్ నగర్లో ఎవరు కౌగిలించుకుంటారండీ అసలు). కలపొద్దన్నా. సరేనని ఒకరి మనసు ఒకరికి అర్థమైందని లైను పెట్టింది. అదీ తీసెయ్యమంటే ఇద్దర్నీ ఆకాశం వైపు చూపించింది. ఇది తనకి నేర్పిన రాతల్లో ఎక్కువగా కనిపించే దాన్ని బట్టి తర్వాతి మాట అంచనా కట్టే సిస్టం, పైగా జనం ఏ జవాబు బాగుందన్నారో చూసి దాన్ని సానబెడతారు, ఇంక రాజీ పడకుండా ఎలా ఉంటుంది?

ఒక్కసారి మాత్రం నోరు మూయించింది. నీళ్లు తీశాక ఫైరింజన్లు వచ్చి ఇళ్లలో బురద కడిగాయని చెప్తే, పైపు పట్టుకున్న కుర్రాడు దేవుడి గూడు దగ్గర కొట్టాలా వద్దా అని ఒక్క క్షణం ఆగాడని రాసింది. అది నేను చెప్పింది కాదు. భలే ఉంది. వెంటనే ఇంకో మూడు లైన్లు ఆ కుర్రాడి మానవత్వం గురించి ఉపన్యాసం దంచి దాన్నీ చెడగొట్టింది.

నావైతే రెండున్నర స్టార్లు. లెటర్లకీ, పిల్లల స్కూల్ స్పీచులకీ బ్రహ్మాండం. కథల కోసమే అయితే ఫ్రీదే చాలు, డబ్బులు కట్టినా ఆ కౌగిలింతలు తగ్గవు.