పులుసు కావాలంటే ముందురోజే చెప్పండి: నెల్లూరులో ఒక ఖరీదైన రెస్టారెంట్‌లో ఆరేళ్లు

2019 నవంబరులో మా పెళ్లిరోజుకు మొదటిసారి వెళ్లాం. నెల్లూరులో ఒక పెద్ద హోటల్ పై అంతస్తులో ఉండే రెస్టారెంట్ అది. తెల్లటి టేబుల్ గుడ్డలు, మెత్తటి కుర్చీలు, మసక వెలుగు. ముందుగా ఫోన్ చేసి టేబుల్ చెప్పుకోవాలి. మా ఆయన రొయ్యల మేత వ్యాపారంలో ఉన్నారు. చెన్నై నుంచి, భీమవరం నుంచి వచ్చేవాళ్లను భోజనానికి తీసుకెళ్లాల్సి వస్తుంది. ఇంట్లో పుట్టినరోజులు, పిల్లల రిజల్ట్స్ కూడా కలుపుకుంటే ఇప్పటికి నలభై సార్లయినా వెళ్లాం. నేను లెక్కల టీచర్ని, ఇంటి ఖర్చు నోట్‌బుక్‌లో రాసుకునే అలవాటుంది. మొదటిసారి నలుగురికి అయిన బిల్లు 3,150 రూపాయలు. మొన్న డిసెంబరులో అదే నలుగురికి, దాదాపు అవే వంటకాలకి 5,480. ఈ ఖర్చుకు తగినది దొరుకుతోందా అన్నదే నేను చెప్పదలచుకున్నది. ఫిర్యాదులు కూడా రాస్తున్నాను కాబట్టి ఆ రెస్టారెంట్ పేరు రాయడం లేదు.

ముందు చేపల పులుసు సంగతి. బయటి ఊరి నుంచి వచ్చిన ఎవరైనా మెనూలో మొదట వెతికేది అదే. ఇక్కడ దాన్ని చిన్న మట్టిచట్టిలో పెట్టి, పొగలు కక్కుతుండగా తెస్తారు. చూడటానికి చాలా బాగుంటుంది. కానీ మొదటి రోజు నోట్లో పెట్టుకున్న మా అత్తయ్య, "ఏందమ్మా ఇది, పులుసు ఒక దోవ, చేప ఒక దోవ పోతా ఉండాయి" అంది. ఆమె మాట నిజం. పులుసు బాగుంది, వంజరం ముక్క కూడా తాజాగానే ఉంది. కానీ ముక్క లోపలికి ఉప్పు గానీ పులుపు గానీ చేరలేదు. నూనెలో వేయించిన ముక్కను తయారుగా ఉన్న పులుసులో వేసి ఒక పొంగు రానిచ్చి పంపారని తినేవాళ్లకు తెలిసిపోతుంది.

మా ఇంట్లో పులుసు రాత్రి కాస్తారు, తెల్లారి తింటారు. చిక్కటి చింతపండు పులుసు మరుగుతుండగా పచ్చి ముక్కలు వేస్తారు. వేశాక గరిటె పెట్టరు, చట్టి అంచులు గుడ్డతో పట్టుకుని అటూ ఇటూ తిప్పుతారు. మెంతులు, జీలకర్ర, ఆవాలు వేయించి కొట్టిన పొడి, మామిడికాయ ముక్కలు చివర్లో పడతాయి. దించాక రాత్రంతా అలాగే వదిలేస్తారు. తెల్లారేసరికి నువ్వుల నూనె పైకి తేలి ఉంటుంది, మెంతుల చేదు అణిగిపోతుంది, ముక్క పులుసంతా పీల్చుకుని ఉంటుంది. ఆ పూట ఇడ్లీలోకైనా అదే, అన్నంలోకైనా అదే.

ఈ రెస్టారెంట్ పులుసుకు కావాల్సింది కూడా ఆ రాత్రేనని నాకు 2020లో తెలిసింది. లాక్‌డౌన్‌లో కూర్చోబెట్టి వడ్డించడం ఆపేసి పార్సిళ్లు ఇచ్చేవాళ్లు. ఒక రాత్రి తెప్పించిన పులుసు సగం మిగిలింది. పొద్దున దోశలోకి వేసుకుంటే నేనూ అత్తయ్యా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. రాత్రి తిన్నది ఇదేనా అనిపించింది. వాళ్ల చేతిలో వంట ఉంది, మసాలా పాళ్లు సరిగ్గా ఉన్నాయి, టైం ఒక్కటే ఇవ్వడం లేదు.

మళ్లీ తెరిచాక వెళ్లినప్పుడు వంట చూసుకునే ఆయనతో మాట్లాడాలని అడిగాను. అలాంటి చోట వంటవాళ్లను పిలిపించి మాట్లాడటం నాకు కొంచెం టెన్షన్‌గానే అనిపించింది. ఆయన వచ్చి నిలబడి మొత్తం విన్నారు. రోజూ ఎంతమంది పులుసు అడుగుతారో తెలియదని, ముందురోజు కాస్తే మిగిలిపోతుందేమోనన్న భయం ఉంటుందని చెప్పారు. "ముందురోజు మధ్యాహ్నంలోగా ఫోన్ చేయండమ్మా, మీ వరకు రాత్రే కాచి పెడతాం" అన్నారు. అప్పటి నుంచి ఆ మాట ఒక్కసారి తప్పారు, మిగతా అన్నిసార్లూ నిలబెట్టుకున్నారు. తప్పిన రోజున మాత్రం వడ్డించేముందే వచ్చి చెప్పారు, పులుసుకు డబ్బు తీసుకోలేదు. ఆరేళ్లుగా ఇక్కడికే వెళ్తున్నామంటే ఇలాంటివే కారణం. డబ్బు పెట్టేది ఏసీ కోసం, తెల్ల గుడ్డల కోసం కాదు. చెప్పింది వినే వంటగది కోసం.

అయితే ఫోన్ చేయని మనిషికి ఇప్పటికీ ఆ పొగలు కక్కే పులుసే వస్తోంది. పొరుగూరి నుంచి వచ్చి, నెల్లూరు చేపల పులుసంటే ఇంతే కాబోలు అనుకుని వెళ్లేవాళ్లను తలుచుకుంటే నాకు బాధగా ఉంటుంది. పులుసు కావాలంటే ముందురోజే చెప్పాలని మెనూలో ఒక్క లైను రాస్తే సరిపోతుంది. ఈ మాట నేను రెండుసార్లు చెప్పాను. ఇంకా రాయలేదు.

అన్నం విషయంలో నాకు ఇంకా కోపమే. పులుసులోకి బాస్మతి పెడతారు! పొడవాటి గింజ, దేనికది విడివిడిగా ఉంటుంది. పులుసు పోస్తే ప్లేటు అడుగుకు జారిపోతుంది గానీ అన్నానికి పట్టదు. మొలగొలుకుల బియ్యం పండించి పేరు తెచ్చుకున్న ఊరు ఇది. నెల్లూరు మసూరి అని అందరికీ తెలిసిన ఎన్ఎల్ఆర్ 34449 ఇక్కడి వ్యవసాయ పరిశోధనా కేంద్రం ఇచ్చిన వరి రకమే. చుట్టూ వరి పొలాలుండగా పులుసు పక్కన బాస్మతి ఎందుకు? అడిగితే మామూలు అన్నం కూడా తెస్తారు, స్టాఫ్ భోజనానికి వండేదే అనుకుంటా, మెత్తగా చాలా బాగుంటుంది. అందుకని ఆర్డర్ చెప్పేటప్పుడే "మామూలు అన్నం" అని నొక్కి చెప్పండి.

రొయ్యల దగ్గర మా ఆయన కన్ను వేరు. ఈ జిల్లాలో చెరువు గట్టు మీద తిరిగిన ఎవరికైనా కౌంట్ అంటే తెలుసు. కిలోకు ముప్పై తూగితే 30 కౌంట్, వంద తూగితే 100 కౌంట్. అంకె పెరిగేకొద్దీ రొయ్య చిన్నది, ధర తక్కువ. 2022లో ఒకసారి మెనూలో "జంబో టైగర్ రొయ్యలు" అని ఉంటే తెప్పించాం. ప్లేటులో ఆరు వచ్చాయి. తల, పొట్టు తీశాక రొయ్య బాగా తగ్గుతుందని లెక్క వేసుకున్నా సరే, ఇవి 50 కౌంట్ కంటే పెద్దవి కావని ఆయన అన్నారు. పైగా అవి టైగర్ కూడా కావు. టైగర్ వండాక ఎర్రగా తిరుగుతుంది, ఒంటి మీద పట్టీలు కనిపిస్తాయి. చెరువుల్లో పెంచే ఇంకో రకం రొయ్య వనామి, అది లేత గులాబీ రంగులో ఉంటుంది. 1990ల మధ్యలో వైట్ స్పాట్ అనే రొయ్యల తెగులు వచ్చి టైగర్ సాగు దెబ్బతింది. 2009లో వనామికి అనుమతి వచ్చాక మన చెరువుల్లో ఎక్కువగా అదే. వనామి రుచిలో తక్కువేం కాదు, మేం ఇంట్లో తినేదీ అదే. పేరు ఒకటి రాసి ఇంకొకటి పెట్టడమే తప్పు.

ఆయన కోప్పడకుండానే చెప్పారు. కెప్టెన్, అంటే వడ్డించేవాళ్లకు పెద్ద, లోపలికి వెళ్లి, వండని రొయ్యలు ఒక ట్రేలో తెచ్చి చూపించాడు, వనామే అని ఒప్పుకున్నాడు. ఆ తర్వాతి నెల మెనూలో టైగర్ అన్న మాట తీసేశారు. "జంబో" మాత్రం ఇంకా ఉంది. ఇప్పుడు మేం ఆర్డర్ ఇచ్చేముందు సైజు అడుగుతాం. ఇక్కడి రొయ్యల వేపుడు నిజంగా బాగుంటుంది. కరివేపాకు, మిరియాలు, ఉల్లిపాయ తక్కువ, మంట మీద ఎక్కువసేపు ఉంచకుండా దించేస్తారు. రొయ్య రబ్బరులా సాగదు. నాకు తెలిసి ఊళ్లో ఇంత సున్నితంగా రొయ్య వండేవాళ్లు తక్కువ.

పాస్తా, సూపులు పిల్లల కోసం తెప్పిస్తాం, గుర్తుపెట్టుకునేంత ఏమీ లేదు. బిర్యానీ పర్వాలేదు, దానికోసం ఇంత ఖర్చు అక్కర్లేదు. మలై కాజాను వేడి చేసి ఐస్‌క్రీంతో ఇస్తారు. మా అబ్బాయికి ఇష్టం, నాకు మాత్రం కాజా దానంతట అదే తినాలనిపిస్తుంది.

మర్యాద విషయానికి వస్తే, ఒక్క సంఘటన చెప్పాలి. మొదటిసారి వెళ్లినప్పుడు మా అత్తయ్య ముందు కత్తి, ఫోర్కు, మూడు రకాల స్పూన్లు పెట్టారు. ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయింది. పక్క టేబుళ్ల వాళ్లు చూస్తారేమోనని బెరుకు. మేం గమనించేలోపే ఒక పెద్ద వయసు కెప్టెన్ వచ్చి, ఏమీ అనకుండా ఆ కత్తి, ఫోర్కు తీసేశాడు. గోరువెచ్చటి నీళ్లు, నిమ్మచెక్క వేసిన గిన్నె తెచ్చి, "చేత్తో తింటేనే పులుసు రుచి తెలుస్తుందమ్మా, చేయి కడుక్కోండి" అన్నాడు. ఆ ఒక్క మాటతో ఆమె భుజాలు కిందికి దిగాయి. ఆయన ఇప్పుడు అక్కడ లేడు. కొత్త కుర్రాళ్లు చురుకైనవాళ్లే, కానీ ప్లేటులో ఇంకా రెండు ముద్దలుండగానే తీసెయ్యబోతారు. ఆదివారం రాత్రుళ్లయితే మరీ తొందర. తర్వాత వచ్చేవాళ్లకు టేబుల్ కావాలన్న ధ్యాస మొహంలో కనిపిస్తుంది. ప్రశాంతంగా తినాలంటే మంగళ, బుధవారాల్లో రాత్రి ఏడున్నరకల్లా వెళ్లండి. రొట్టెల పండుగ రోజుల్లో మాత్రం ప్రయత్నించకండి. బారాషహీద్ దర్గాకు వచ్చే జనంతో ఊళ్లో హోటళ్లన్నీ నిండిపోతాయి.

ఇక బిల్లు. 2023 దాకా పది శాతం సర్వీస్ చార్జీ దానంతట అదే పడేది. నాలుగు వేల భోజనానికి అది నాలుగు వందలు, ఆ మొత్తం మీద మళ్లీ 5 శాతం జీఎస్టీ, కలిపి 4,620. సర్వీస్ చార్జీ బిల్లులో దానంతట అదే కలపకూడదని కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ 2022 జులైలోనే చెప్పింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు ఆ మార్గదర్శకాలను సమర్థించింది. నేను మొదటిసారి తీసెయ్యమన్నప్పుడు క్యాషియర్ తీశాడు గానీ, నేనేదో బిచ్చం అడిగినట్టు చూశాడు. అది నన్ను చాలా బాధపెట్టింది. నేను బాగా వడ్డించిన పిల్లలకు చేతిలో డబ్బు పెట్టే మనిషిని. అడగకుండా బిల్లులో కలపడమే నాకు నచ్చదు. ఇప్పుడు కలపడం మానేశారు. మీరు వెళ్లే చోట ఇంకా కలుపుతుంటే ముందు మేనేజర్‌తో చెప్పండి, వినకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. మంచినీళ్లకు కూడా అంతే. కూర్చోగానే సీసా మూత తీసేస్తారు, మామూలు నీళ్లు చాలని ముందే చెప్పాలి.

ఎప్పుడు వెళ్లాలన్నది కూడా చెబుతాను, ఎందుకంటే ఇది నాకు నోట్‌బుక్ తిరగేస్తేనే తెలిసింది. బాగుందని నేను రాసుకున్న పులుసుల్లో ఎక్కువ భాగం మార్చి నెలవి. కారణం ఆలోచిస్తే తేలికే. పచ్చి మామిడికాయ అప్పటికి పుల్లగా గట్టిగా వస్తుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మర పడవల సముద్ర వేట నిషేధం. ఆ రెండు నెలల్లో వంజరం, చందువ ఆర్డర్ ఇస్తే చాలావరకు ఐసులో దాచిందే వస్తుంది. ముక్క అంచులు విడిపోతుంటాయి, గుర్తుపట్టొచ్చు. తాజా సముద్రపు చేప, తాజా మామిడికాయ రెండూ ఒకే చట్టిలో కలిసేది మార్చి మొదలు ఏప్రిల్ సగం దాకానే. మే నెలలో వెళ్తే కొరమీను అడగండి, అది మంచినీటి చేప కాబట్టి నిషేధంతో పనిలేదు.

ఈ మార్చిలో మా అత్తయ్యకు 75 నిండుతాయి. కిటికీ పక్కన మూల టేబుల్ ఆరుగురికి చెప్పి పెట్టాను. పులుసు ముందురోజు రాత్రే కాచాలని, పక్కన మామూలు అన్నం పెట్టాలని చెప్పాను. మా పెరట్లో మామిడి ఈసారి బాగా కాసింది, కాయలు మేమే పంపొచ్చా అని అడిగితే సంతోషంగా సరేనన్నారు. అత్తయ్యకు ఈ సంగతి ఇంకా చెప్పలేదు. చెట్టు మీద ఏ కాయలు కోయాలో మాత్రం మాటల్లో ఆమెనే అడిగి తెలుసుకున్నాను.